సీపీ లిస్ట్ మీ చేతిలో ఉంటే డీల్ మీ చేతిలో ఉన్నట్టే

అందరికీ నమస్కారం. నల్సార్‌లోనో ఉస్మానియాలోనో లా చదివి వచ్చి బ్యాంకు లోన్ల పనిలో కొత్తగా చేరినవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. డ్రాఫ్టింగ్ మీకు సీనియర్లు నేర్పుతారు. నేను సీపీ లిస్ట్ గురించే మాట్లాడతాను. అంటే, అప్పు విడుదలకు ముందు బ్యాంకుకి అందాల్సిన కాగితాల జాబితా. దాన్ని గుమాస్తా పని అనుకోకండి. డీల్ ఎంతవరకు వచ్చిందో ఆఫీసులో అందరికంటే బాగా తెలిసేది ఆ జాబితా చూసుకునే జూనియర్‌కే.

ప్రతి కాగితం పక్కనా ఒక మనిషి పేరు, ఒక తేదీ ఉండాలి. 'కంపెనీ పంపాలి' అని రాస్తే ఎవరూ పంపరు. కంపెనీ సెక్రటరీ గారికి ఫోన్ చేసి, బోర్డు మీటింగ్ ఎప్పుడో కనుక్కోండి. తీర్మానం కాపీ రాగానే టిక్కు పెట్టేయకుండా చదవండి. అందులో అధికారం మేనేజింగ్ డైరెక్టర్‌కి ఇచ్చి, సంతకానికి సీఎఫ్‌వో (ఫైనాన్స్ హెడ్) వస్తున్నారనుకోండి, ఆ తేడా వారం ముందే మీ కంట పడాలి. సంతకాల రోజు బయటపడితే అందరికీ టెన్షనే.

మన హైదరాబాద్‌లో ఎక్కువ ఆలస్యం భూమి కాగితాల దగ్గరే. లింకు డాక్యుమెంట్, అంటే భూమి పాత యజమానుల నుంచి ఎలా చేతులు మారిందో చూపే కాగితం, నిజాం కాలం నాటిదైతే ఉర్దూలో ఉండొచ్చు. అనువాదం ఎవరు చేస్తారో మొదట్లోనే చూసుకోండి.

ఇక ఛార్జ్ రిజిస్ట్రేషన్. ఛార్జ్ అంటే అప్పుకి సెక్యూరిటీగా కంపెనీ ఆస్తి మీద బ్యాంకుకి ఉండే హక్కు. 2013 కంపెనీల చట్టం 77వ సెక్షన్ ప్రకారం, ఛార్జ్ ఏర్పడిన 30 రోజుల్లో అది జరగాలి. అదనపు ఫీజు కట్టి కొంత గడువు తెచ్చుకోవచ్చు. అసలు రిజిస్టరే కాకపోతే, కంపెనీ మూతపడ్డప్పుడు ఆస్తులమ్మి అప్పులు తీర్చే లిక్విడేటర్ ఆ ఛార్జ్‌ని లెక్కలోకి తీసుకోరు. కోట్ల అప్పుకి సెక్యూరిటీ లేనట్టే! సీహెచ్‌జీ-1 అనే రిజిస్ట్రేషన్ ఫారానికి కంపెనీ, బ్యాంకు ఇద్దరి డిజిటల్ సంతకాలూ కావాలి. వాటి గడువు తీరిపోలేదు కదా అని డబ్బు విడుదలకు ముందే అడగండి. డబ్బు చేతికొచ్చాక కంపెనీవాళ్లకి తొందర ఉండదు.

ఏదైనా కాగితం ఆలస్యమవుతుందని తెలిస్తే సాయంత్రం దాకా దాచకండి. ఈసీనే తీసుకోండి, అంటే ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే సర్టిఫికెట్. "మేడమ్, ఈసీ రేపటికి రాదు. విడుదలయ్యాక ఇచ్చేలా బ్యాంకుని అడుగుదామా?" అని వెంటనే మీ సీనియర్‌కి చెప్పండి. బ్యాంకు ఒప్పుకుంటే ఆ మాట ఈమెయిల్‌లో తెప్పించుకోండి. ఫోన్‌లో 'సరే' అన్నారని మాత్రం జాబితాలో టిక్కు పెట్టకండి.