సీ డాఫోడిల్ రివ్యూ: నాలుగేళ్లకి పూసిన మొదటి పువ్వు

నమస్కారం అండీ. ఈ తెల్లపువ్వు కోసం నాలుగేళ్లు ఎదురుచూశాను. నిన్న సాయంత్రం విచ్చుకుంది. పేరు సీ డాఫోడిల్, శాస్త్రీయనామం పాంక్రాటియం మారిటిమం. మధ్యధరా తీరంలో ఇసుకదిబ్బల మీద పెరిగే దుంప మొక్క. ఆ దిబ్బల్ని చదును చేసి కట్టడాలు కట్టిన చోటల్లా ఇది అరుదైపోయింది.

కెమెరా దగ్గరికి తెస్తున్నాను, చూడండి. వెనక ఆరు సన్నటి రేకలు, మధ్యలో గిన్నెలా ఉన్న భాగం, దాని అంచున రంపప్పళ్లలా పన్నెండు కొనలు. వాసన లిల్లీకి దగ్గరగా ఉంటుంది, చీకటి పడ్డాక ఇంకా చిక్కబడుతుంది. దీని పుప్పొడి మోసేది హాక్‌మాత్ అనే పెద్ద చిమ్మట మరి! గాలి సెకనుకు 2 మీటర్ల వేగం దాటితే ఆ చిమ్మట పువ్వు జోలికి రాదని ఇజ్రాయెల్ తీరంలో గమనించారు. అందుకే గింజలు కావాలంటే రెండు మొక్కల మధ్య బ్రష్‌తో పుప్పొడి మార్చడం నయం.

ఇక పెంపకం. నా మొదటి దుంపని నేనే చంపుకున్నాను. ఎండాకాలం ఆకులు వాడిపోతే దాహమేమో అని రోజూ నీళ్లు పోశాను, కుళ్లిపోయింది. నిజానికి దాని సొంత నేలలో వానలు పడేది చలికాలంలో. వేసవిలో అది ఎండిన ఇసుక కింద లోతుగా పడుకుని ఉంటుంది. ఈ ఒక్క విషయం తెలిస్తే సగం పెంపకం వచ్చినట్టే.

రెండోసారి గింజలు వేశాను. నల్లగా, బొగ్గుముక్కల్లా తేలిగ్గా ఉంటాయి. సముద్రం మీద తేలుతూ వేరే ఒడ్డుకి చేరేది ఆ తేలికదనంతోనే. ఇసుక ఎక్కువ కలిపిన మట్టి, లోతైన కుండీ, రోజంతా ఎండ. నీడలో పెడితే ఆకులొస్తాయి, పువ్వు రాదు. దుంపలో విషం ఉంటుంది కాబట్టి పిల్లలకి, పెంపుడు జంతువులకి అందనివ్వకండి.

నా మార్కులు పదికి ఎనిమిది. ఈ ఏడాదే పువ్వు చూడాలనుకునేవాళ్లకి ఇది వద్దు. ఓపిక ఉంటే మాత్రం గింజలతో మొదలుపెట్టండి. దుంపలే కొనేట్టయితే దిబ్బల్లోంచి తవ్వి తెచ్చినవి కావని తెలిశాకే కొనండి, దయచేసి.

పక్క మొగ్గ ఈ రాత్రికే విచ్చుకునేలా ఉంది. లైటు ఆపేసి ఇక్కడే కూర్చుంటాను.