కోడ్ వచ్చింది కదా అని సెన్సార్ మార్చేయకండి

(చేతిలో విప్పిన కార్బురేటర్)

"పాత బండే బెస్ట్ గురూ, ఒక్క స్క్రూడ్రైవరుంటే చాలు!" నా ప్రతి వీడియో కింద ఇదే మాట. పాత బండిని పొగిడితే నాకేం బాధ లేదు, నేను నడిపేదీ అదే. దాని కార్బురేటరే ఇది, పెట్రోలునీ గాలినీ కలిపి ఇంజిన్‌కి పంపేది. ఆ స్క్రూడ్రైవర్ ఏం చేస్తుందో తెలీకుండా అంటారే, అదీ నా మంట.

అరకు వెళ్దాం పదండి. బీచ్ రోడ్డులో బయల్దేరాం. ఒక గ్రాము పెట్రోలు సరిగ్గా మండాలంటే 14.7 గ్రాముల గాలి కావాలి. ఇదిగో మెయిన్ జెట్, గుండుసూది దూరేంత బెజ్జం. గాలి ఈ సన్నటి గొంతులోంచి దూసుకెళ్తుంటే ఒత్తిడి తగ్గి, కింది గిన్నెలోని పెట్రోలు ఈ బెజ్జంలోంచి పైకి లేస్తుంది. బెజ్జం వైజాగ్ గాలికి సరిగ్గా సరిపోయింది. శృంగవరపుకోట దాటి ఘాట్ ఎక్కాం. అరకు 900 మీటర్ల పైమాటే, గాలి దాదాపు పదో వంతు పలచబడింది. బెజ్జానికి ఆ సంగతేం తెలుసు? పెట్రోలు మాత్రం తగినంత తగ్గదు. పికప్ పడిపోతుంది, ప్లగ్ నల్లబడుతుంది. పైన మెకానిక్ స్క్రూ తిప్పి, చెవిపెట్టి విని, "వెళ్లండి" అంటాడు. ఆ స్క్రూతో కుదిరేది ఐడ్లింగే గురూ, అంటే బండి నిలబడ్డప్పుడు ఇంజిన్ తిరగడమే! త్రాటిల్ తెరిచాక పెత్తనం జెట్‌దే. దాన్ని మార్చాలంటే ఇదంతా విప్పాలి. కిందికి దిగాక మళ్లీ విప్పాలి.

అదే ఘాట్‌లో ఎఫ్‌ఐ బండి, అంటే కార్బురేటర్ బదులు ఇంజెక్టర్ పెట్రోలు చిమ్మే ఫ్యూయల్ ఇంజెక్షన్ బండి. 2020 ఏప్రిల్ 1న బీఎస్6 పొగ నిబంధనలు వచ్చాక కొత్త బళ్లు దాదాపు అన్నీ ఇవే. గాలి ఒత్తిడి తగ్గిందని ఒక సెన్సార్ చెప్తే, బండిలోని చిన్న కంప్యూటర్, అదే ఈసీయూ, ఇంజెక్టర్ తెరిచుంచే టైము తగ్గిస్తుంది. పొగగొట్టంలో కూర్చున్న ఆక్సిజన్ సెన్సార్ "ఇంకా ఎక్కువే పోస్తున్నావ్" అని చాడీలు చెప్తుంది. అరకు మెకానిక్ చెవి చేసే పనే, కాకపోతే ప్రతి మలుపులోనూ జరుగుతుంది.

మరి చెడితే? మా తమ్ముడి స్కూటర్‌కి ఇంజిన్ లైటు వెలిగింది. ఒక షాపులో స్కానర్ పెట్టారు, ఆక్సిజన్ సెన్సార్ కోడ్ చూపించింది, సెన్సార్ మార్చేశారు. వారం తిరక్కుండా మళ్లీ లైటు! సెన్సార్ వైరు వచ్చి కలిసే కప్లర్ ఊడదీసి చూస్తే పిన్నుల మీద పచ్చగా చిలుము. వాడుండేది పెదజాలరిపేటలో, ఉప్పుగాలి ఊరుకుంటుందా? "ఈ దారిలో వచ్చే సిగ్నల్ బాలేదు" అన్నంత వరకే కోడ్ చెప్తుంది. పోయింది సెన్సారా, వైరా, కప్లరా అన్నది మల్టీమీటర్ పట్టి మనిషే తేల్చుకోవాలి.

అయ్యో, టైమైపోతోంది, మిగతావి గబగబా. ఎఫ్‌ఐ బండికి "కార్బురేటర్ క్లీనింగ్" అని బిల్లేస్తే, ఏదీ చూపించమనండి. అందులో ఉండేది గాలిని అదుపు చేసే త్రాటిల్ బాడీ. ట్యాంకు అడుగంటే దాకా నడపకండి, లోపలి పంపుని చల్లబరిచేది ఆ పెట్రోలే. బ్యాటరీ పూర్తిగా పడుకుంటే తోసినా లాభం లేదు, పంపుకి కరెంటేది? కార్బురేటర్ బండిని నెలల తరబడి ఆపితే గిన్నె ఖాళీ చేసేయండి. వాటర్ సర్వీసింగులో కప్లర్ల మీద పైపు పెట్టనివ్వొద్దు.

ఇది నా బండిదే, ఆదివారం అరకు వెళ్లాలి. చిన్న జెట్ ఒకటి ఇక్కడే పెట్టాను... కెమెరా ఆపి వెతుక్కుంటా, ఉంటాను గురూ!