కందిపప్పును తిట్టకండి, మీ బోరు నీళ్ళను తిట్టండి!

నమస్కారం. అసలు మాట ముందే చెప్పేస్తున్నాను. బెంగళూరులో మీ ఇంట్లో పప్పు ఉడకడం లేదంటే తప్పు పప్పుది కాదు, నీళ్ళది. మీ సంపులోకి వచ్చి పడుతున్న బోరు నీళ్ళది, ట్యాంకరు నీళ్ళది.

ఆ వీడియో మీ అందరికీ వాట్సాప్‌లో వచ్చే ఉంటుంది. బెంగళూరులో అమ్మేదంతా ఆఫ్రికా కందిపప్పు, ఏళ్ళ తరబడి గోదాముల్లో పడి ఉన్న సరుకు, ఇక్కడ కొనకండి, ఊరి నుంచి తెచ్చుకోండి అని ఒకాయన అరిచి మరీ చెప్పాడు. అది చూసి జనం అనంతపురం నుంచి, కర్నూలు నుంచి, గుంటూరు నుంచి పప్పు బస్తాలు మోసుకొస్తున్నారు. మోసుకొచ్చి, మారతహళ్ళిలో కుక్కరెక్కించి, ఆరు విజిళ్ళయ్యాక మూత తీసి, మళ్ళీ అదే పలుకు చూసి, ఊళ్ళో కొట్టువాడు కూడా మోసం చేశాడని తిడుతున్నారు! నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. ఆ కొట్టాయన ఏ పాపమూ ఎరగడు.

ఇటు చూడండి, కెమెరా దగ్గరికి తెస్తాను. రెండు స్టీలు గిన్నెలు, ఒకే ప్యాకెట్టులోని కందిపప్పు, ఒకే కొలత, ఒకే కుక్కర్‌లో పక్కపక్కన పెట్టి దించాను. ఎడమ గిన్నెలో కొళాయిలో వచ్చే బోరు నీళ్ళు, కుడి గిన్నెలో ఆర్వో ఫిల్టరు నీళ్ళు, అంటే లవణాలు చాలావరకు తీసేసిన నీళ్ళు. కుడివైపు గరిటె వెనకభాగంతో ఇలా నొక్కుతున్నాను, పప్పుగుత్తి అవసరమే లేదు, వెన్నలా కలిసిపోయింది. ఎడమవైపు చూడండి. బద్ద బద్దగానే ఉంది, అంచు కూడా చెదరలేదు. పైన పచ్చటి నీళ్ళు తేలాయి, కింద పప్పు కూర్చుంది. వేలితో నలిపితే మధ్యలో పలుకు తగులుతోంది. ప్యాకెట్టు ఒకటే, మంట ఒకటే. ఇప్పుడు చెప్పండి, ఆఫ్రికా ఎక్కడుంది ఇందులో?

కారణం వినండి. గింజలో కణాలను ఒకదానికొకటి అంటిపెట్టి ఉంచే పదార్థం పెక్టిన్. ఉడికేటప్పుడు అది కరగాలి, అప్పుడే పప్పు మెత్తబడుతుంది. బోరు నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం దండిగా ఉంటాయి. అవి వెళ్ళి ఆ పెక్టిన్‌ను పట్టుకుంటాయి, ఇటుకల మధ్య సున్నం పెట్టినట్టు గట్టిపరుస్తాయి. మీరు గంట మరిగించినా ఆ గోడ సులభంగా కూలదు. మీ కుక్కర్ అడుగున తెల్లటి పొర కట్టి, గీకినా పోవడం లేదా? అది ఈ కాల్షియమే. కుక్కర్‌కు పట్టినది కంటికి కనిపిస్తోంది, పప్పుకు పట్టినది కనిపించడం లేదు, అంతే తేడా.

కొందరు రాశారు, బెంగళూరు ఎత్తులో ఉంది కదా, నీళ్ళు తొందరగా మరిగిపోతాయి, అందుకే ఉడకదు అని. ఎత్తు నిజమే. ఊరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది, ఇక్కడ నీళ్ళు దాదాపు 97 డిగ్రీలకే మరుగుతాయి. మూత లేని గిన్నెలో వండితే ఆలస్యమవుతుంది, ఒప్పుకుంటాను. కానీ కుక్కర్ పని ఏమిటి? ఆవిరిని బంధించి నీటిని 100 డిగ్రీలు దాటించడమే కదా! ఇంకో మాట. జయనగర్‌లో, బసవనగుడిలో కావేరి నీళ్ళు వచ్చే పాత ఇళ్ళకు వెళ్ళి అడగండి, పప్పు ఉడకలేదన్న గోల వినిపించదు. వైట్‌ఫీల్డ్‌లో, సర్జాపుర రోడ్డులో ట్యాంకర్లతో బతికే అపార్ట్‌మెంట్లలో అడగండి, ఆ గోల వినలేక చస్తారు. జయనగర్ ఏమైనా పల్లంలో ఉందా? లేదు. తేడా ఎత్తులో లేదు, పైపులో ఉంది. 2024 అక్టోబరులో కావేరి ఐదో దశ మొదలై, నగరంలో కలిసిన 110 గ్రామాల వైపు ఆ నీళ్ళు వెళ్ళడం మొదలైంది. మీ వీధికి ఆ కనెక్షన్ వచ్చి ఉంటే మీ వంటింట్లో ఏం మారిందో కింద తప్పకుండా రాయండి.

పాత సరుకు సంగతి కూడా తేల్చేద్దాం. మన దేశం మొజాంబిక్, టాంజానియా, మయన్మార్‌ల నుంచి కందులు తెప్పించుకుంటున్న మాట నిజం. వేడిలో, తేమలో చాలాకాలం నిల్వ ఉన్న గింజ మొండికేసే మాట కూడా నిజం. కానీ అక్కడ జరిగేదేమిటి? గింజలోనే ఫైటేట్ అనే పదార్థం విడిపోయి, అది పట్టి ఉంచిన మెగ్నీషియం, కాల్షియం బయటపడి పెక్టిన్‌కు అతుక్కుంటాయి. అంటే అక్కడా దొంగ వీడే! పాత గింజలో లోపలి నుంచి వస్తాడు, మీ ఇంట్లో కొళాయి నుంచి వస్తాడు. తాండూరు కందికి, కలబురగి కందిపప్పుకు భౌగోళిక గుర్తింపు ఉంది. అంత పేరున్న పప్పు తెచ్చి బోరు నీళ్ళలో పోస్తే అదీ బిగుసుకుంటుంది.

ఇక్కడ ఒక పాత గొడవ కూడా ఉంది. ముందే ఉప్పు వేస్తే పప్పు ఉడకదని మన అమ్మమ్మలందరూ చెప్పారు. నా సిద్ధాంతం ఏమిటంటే, వాళ్ళు వాడింది శుద్ధి చేయని కల్లుప్పు. అందులో మెగ్నీషియం, కాల్షియం లవణాలు కలిసి ఉంటాయి. ఆ ఉప్పుతో వాళ్ళ మాట సరైనదే అయి ఉంటుంది. ఇప్పటి శుద్ధి చేసిన ఉప్పు దాదాపుగా సోడియం క్లోరైడే, అది ఎదురు పనిచేస్తుంది. శనగలు, రాజ్మా, అలసందలు నానబెట్టే నీళ్ళలో ఒక చెంచా వేస్తే సోడియం వెళ్ళి కాల్షియాన్ని తోసేసి తొక్కను మెత్తబరుస్తుంది. చింతపండు, టమాటా సంగతి వేరు. పులుపు పెక్టిన్‌ను కరగనివ్వదు. బోరు నీళ్ళు పోసి, టమాటాలు కూడా మొదటే వేసి ఒకేసారి కుక్కర్ పెట్టేవాళ్ళు పప్పుకు రెండు శిక్షలు వేస్తున్నారు. పప్పు ఉడికాకే పులుపు వేయండి.

చలికాలం వస్తే ఈ ఊళ్ళో అనపకాయల సందడి చూశారా! వీవీ పురం వైపు అవరెబేళె మేళా అని దోసెలో, ఉప్మాలో, చివరికి జిలేబీలో కూడా అనప గింజలే. మన చిత్తూరువాళ్ళు పితికిన పప్పు అంటారు. గింజ నానబెట్టి రెండు వేళ్ళ మధ్య పితికితే తొక్క జారి, పచ్చటి బద్ద టప్పున గిన్నెలో పడుతుంది. ఇంటిల్లిపాదీ కూర్చుని పితికే ఆ సాయంత్రాల కోసమే నేను ఏడాదంతా ఎదురుచూస్తాను. అనప ఉడకలేదని ఎవరైనా ఫిర్యాదు చేశారా? చేయరు, ఎందుకంటే అది ఎండని పచ్చి గింజ, పైగా తొక్క తీసేశారు. బోరు నీళ్ళకు దొరికిపోయేది ఎండిన గింజే.

మరి ఏం చేయాలి? మీరు తాగే ఆర్వో ఫిల్టరు నీళ్ళే పప్పుకూ పోయండి, నానబెట్టడానికి కూడా. తాగడానికి ఆర్వో, వండటానికి బోరు అనే ఈ అలవాటు మానండి. ఫిల్టరు వదిలేసే నీళ్ళను బకెట్టులో పట్టి ఇల్లు తుడవండి, ఈ ఊళ్ళో చుక్క కూడా పారబోయకూడదు. ఫిల్టరు లేకపోతే బోరు నీళ్ళు బాగా మరిగించి, చల్లార్చి, అడుగున తేరిన తెలుపు కదలకుండా పైనీళ్ళు వంపుకోండి. కాల్షియంలో కొంత అక్కడే ఉండిపోతుంది. చిటికెడు వంట సోడా కూడా పనిచేస్తుంది, కానీ చిటికెడే. ఎక్కువైతే సబ్బు రుచి వస్తుంది, బి1 విటమిన్ పోతుంది.

టీడీఎస్ మీటరు పట్టుకుని నాతో వాదించకండి. అది మొత్తం లవణాలను చూపిస్తుంది, కాల్షియం ఎంతో విడిగా చెప్పదు. అపార్ట్‌మెంట్ సాఫ్ట్‌నర్ కాల్షియం తీసి సోడియం ఇస్తుంది. మీటరు అంకె పెద్దగా మారదు, పప్పు మాత్రం ఉడుకుతుంది. అయితే బీపీ ఉన్నవాళ్ళు ఆ నీళ్ళు వంటకు వాడకండి. మీ సొసైటీ నీటి పరీక్ష నివేదిక అడిగి తీసుకోండి, టోటల్ హార్డ్‌నెస్ అన్న వరుస చూడండి. దేశ ప్రమాణం లీటరుకు 200 మిల్లీగ్రాములు, వేరే దారి లేని చోట 600 దాకా అనుమతిస్తారు. అది అడగడం మీ హక్కు, నెలనెలా నిర్వహణ డబ్బు కడుతున్నారు.

రాజ్మా వండేవాళ్ళకు ఒక హెచ్చరిక. సగం ఉడికిన రాజ్మాలో ఉండే లెక్టిన్ వాంతులు, విరేచనాలు తెప్పిస్తుంది. నానబెట్టిన నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళలో తెర్లేలా కనీసం 10 నిమిషాలు మరిగించాలి. సన్నని సెగ మీద గంటల తరబడి ఉంచే విద్యుత్ కుక్కర్‌లో నేరుగా వేయకండి. పలుకు తగిలిన రాజ్మాను పిల్లలకు అసలే పెట్టకండి.

ఇక మీ వంతు. ఈ ఆదివారం ఇదే పరీక్ష మీ ఇంట్లో చేయండి, రెండు గిన్నెలు చాలు. మీ ప్రాంతం పేరు, కావేరి నీళ్ళా బోరా ట్యాంకరా, ఏ పప్పు వండారు, ఏ గిన్నె గెలిచింది, ఈ నాలుగూ కింద రాయండి. ఉలవలతో చేసినవాళ్ళు ముందుగా రాయండి, వచ్చే వీడియోలో ఉలవచారు పెడుతున్నాను.