పనామా కాలువ ప్రయాణం: ఓడలో ఏ కేబిన్ తీసుకోవాలి?

శ్రోతలకు నమస్కారం.

పనామా కాలువ మీదుగా ఓడలో వెళ్దామనుకున్నవాళ్లు కేబిన్ బుక్ చేసుకునేటప్పుడు ముందు అడిగేది, ఎడమ పక్క తీసుకోవాలా, కుడి పక్కా అని. దానికంటే ముందు తేల్చుకోవలసినవి రెండున్నాయి. ఓడ ఏ సముద్రం నుంచి ఏ సముద్రానికి వెళ్తోంది? దాని వెడల్పెంత? ఈ రెండూ తెలియకుండా బాల్కనీకి అదనంగా డబ్బు కడితే, లాకు, అంటే నీళ్లు నింపీ వదిలీ ఓడని ఎత్తి దించే గది, చూద్దామని వెళ్లి కాంక్రీటు గోడ చూస్తూ కూర్చోవలసి రావచ్చు.

1914 ఆగస్టు 15న తెరిచిన ఈ కాలువ పొడవు సుమారు 80 కిలోమీటర్లు. మధ్యలో ఉన్న గాటున్ సరస్సు సముద్రమట్టానికి 26 మీటర్ల ఎత్తున ఉంటుంది. అట్లాంటిక్ వైపు నుంచి వచ్చిన ఓడ గాటున్ దగ్గర మూడు మెట్లెక్కి ఆ సరస్సులోకి చేరుతుంది. సరస్సు దాటాక కొండల్ని తొలిచిన కులేబ్రా కోత గుండా సాగి, పెడ్రో మిగెల్ దగ్గర ఒక మెట్టు, మిరాఫ్లోరెస్ దగ్గర రెండు మెట్లు దిగి పసిఫిక్ చేరుతుంది. ధవళేశ్వరం దగ్గర గోదావరి కాలువల లాకులు చూసినవాళ్లకి ఈ పని కొత్త కాదు: తలుపులు మూస్తారు, నీళ్లు వదులుతారు, పడవ లేస్తుంది. ఇక్కడా పంపులు లేవు, సరస్సు నీళ్లు పల్లానికి పారడమే. కాకపోతే లేచేది 290 మీటర్ల ఓడ.

ఇక వెడల్పు. పాత లాకు గది వెడల్పు 33.5 మీటర్లు. అందులోకి వెళ్లాలంటే ఓడ 32.3 మీటర్లు మించకూడదు. అంత వెడల్పున్న ఓడకి అటూ ఇటూ 60 సెంటీమీటర్ల చొప్పున మాత్రమే సందు మిగులుతుంది. గోడల మీద పట్టాలెక్కిన చిన్న రైలింజన్లు, అక్కడ వాటిని మ్యూల్స్ అంటారు, ఉక్కు తాళ్లతో ఓడని నడిమధ్యన పట్టుకుంటాయి. ముందుకు నడిచేది ఓడ తన సొంత ఇంజనుతోనే. అంతకంటే వెడల్పైన ఓడలు 2016 జూన్‌లో తెరిచిన అగువా క్లారా, కోకోలీ లాకుల గుండా వెళ్తాయి. ఆ గదులు 55 మీటర్ల వెడల్పు. అక్కడ రైలింజన్లుండవు, టగ్గు పడవలు ఓడని అదుపు చేస్తాయి. తలుపులు కూడా రెక్కల్లా తెరుచుకోవు, పక్కకి జరుగుతాయి. మ్యూల్స్‌నీ, శతాబ్దం దాటిన ఆ ఉక్కు తలుపుల్నీ చూడాలని వెళ్తున్నవాళ్లు ఓడ వెడల్పు 32.3 మీటర్ల లోపు ఉందో లేదో టికెట్ కొనకముందే చూసుకోవాలి. ఆ కొలత కంపెనీ ఇచ్చే ఓడ వివరాల్లో ఉంటుంది.

ఇప్పుడు అంతస్తు. ఎక్కువమంది నష్టపోయేది ఇక్కడే. గాటున్‌లో మొదటి గదిలోకి ఓడ దూరేటప్పుడు నీళ్లు అడుగున ఉంటాయి. గోడ అంచు నీటికి 9 మీటర్లకు పైగా ఎత్తున ఉంటుంది. కింది డెక్కుల్లో కిటికీ తెర తీస్తే కనిపించేది తడిసిన, పాచిపట్టిన కాంక్రీటు, అదీ చేయి చాస్తే అందేటంత దూరంలో. గది నిండేకొద్దీ ఆ గోడ మెల్లగా కిందికి జారుతుంది, అంచు దాటాక వెలుతురొస్తుంది, పట్టాలూ మనుషులూ కనిపిస్తారు. ఒక్కసారి చూడడానికి అది బాగానే ఉంటుంది. కానీ పసిఫిక్ వైపు దిగేటప్పుడు వ్యవహారం తిరగబడుతుంది: నీళ్లు తగ్గేకొద్దీ గోడ పైకి లేచి కిటికీని మూసేస్తుంది. అందుకని లైఫ్‌బోట్లు వేలాడే అంతస్తుకి రెండు మూడు అంతస్తుల పైన తీసుకోవడం మంచిది. మరీ పైన తీసుకుంటే లాకు పని అంతా కాళ్ల కింద జరిగిపోతుంది, సముద్రంలో ఊగిసలాటా ఎక్కువ. లైఫ్‌బోట్లకి సరిగ్గా పైనున్న బాల్కనీ నుంచి కిందికి చూస్తే పడవల కప్పులే కనిపిస్తాయి, మ్యూల్స్ కనిపించవు.

లాకులో ఏ పక్క మంచిదన్న ప్రశ్నకి కచ్చితమైన జవాబు లేదు. పాత లాకుల్లో రెండు వరసలు పక్కపక్కనే ఉంటాయి. ఓడని ఏ వరసలోకి పంపాలో ఆరోజు రద్దీని బట్టి కాలువ అధికారులు నిర్ణయిస్తారు. ఒక పక్కవాళ్లకి మధ్యగోడ, దాని అవతల మరో ఓడ కనిపిస్తాయి. రెండో పక్కవాళ్లకి గట్టు, అడవి. మ్యూల్స్ మాత్రం రెండు గోడల మీదా ఉంటాయి కాబట్టి వాటికోసం పక్క ఎంచుకోనక్కర్లేదు.

లాకుల బయట మాత్రం పక్క ముఖ్యమే. కాలువ తూర్పు పడమరలుగా ఉంటుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అట్లాంటిక్ నుంచి పసిఫిక్‌కి వెళ్లే ఓడ దక్షిణంగా, తర్వాత ఆగ్నేయంగా సాగుతుంది. ఆ దిశలో వెళ్తుంటే కుడి చేతి వైపు గాటున్ ఆనకట్ట, సరస్సులో బారో కొలొరాడో దీవి వస్తాయి. ఎడమ వైపు చాగ్రెస్ నది కలిసే గాంబోవా, కులేబ్రా కోతలో గోల్డ్ హిల్, మిరాఫ్లోరెస్ దగ్గర సందర్శకుల కేంద్రం, చివర్లో పనామా నగరం మేడలు. ఎడమ వైపే బరువు ఎక్కువ. ఎండ లెక్క కూడా అటే మొగ్గుతుంది. ప్రయాణికుల ఓడలు సాధారణంగా తెల్లవారాక గాటున్‌లో ప్రవేశించి, కులేబ్రా, మిరాఫ్లోరెస్ చేరేసరికి మధ్యాహ్నం దాటుతుంది. అప్పుడు పొద్దు కుడి పక్కన పడమట ఉంటుంది. ఎడమ బాల్కనీ నీడపట్టున ఉంటుంది, ఎదుటి కొండ మీద వెలుగు నిండుగా పడుతుంది. ఫొటోలకి ఇంతకంటే ఏం కావాలి!

కాలిఫోర్నియా నుంచి ఫ్లోరిడా వైపు వచ్చే ఓడలో పక్కలు తారుమారవుతాయి, ఆ దృశ్యాలన్నీ కుడి వైపుకొస్తాయి. కానీ పొద్దున్నే మిరాఫ్లోరెస్ దాటేటప్పుడు ఎండ కూడా కుడి వైపునే, సూటిగా ముఖం మీద పడుతుంది. అందుకే ఆ దిశలో కుడి పక్కకోసం ఎక్కువ డబ్బు పెట్టమని చెప్పలేం. ఇక గాటున్ ఎక్కి, సరస్సులో తిరిగి, వచ్చిన దారినే వెనక్కి దిగిపోయే సగం ప్రయాణాలున్నాయి. వాటిలో కులేబ్రా, మిరాఫ్లోరెస్ అసలే రావు, రెండు పక్కలూ సమానమే.

ఇంకొక సంగతి. ఫ్లోరిడా నుంచి కాలిఫోర్నియాకి పూర్తి ప్రయాణం సుమారు రెండు వారాలు, కాలువలో ఉండేది అందులో 8 నుంచి 10 గంటలు. మిగతా రోజులు సముద్రం మీదే. డిసెంబరు నుంచి మార్చి దాకా కరీబియన్‌లో ఈశాన్య గాలులు గట్టిగా వీస్తాయి, మెక్సికో తీరంలో తెహువాంతెపెక్ గాలి కూడా పేరు మోసినదే. కడుపులో తిప్పే స్వభావం ఉన్నవాళ్లు ఓడ నడుమ భాగంలో, వీలైనంత కింద ఉండాలి. ముందు భాగం ఎగిరెగిరి పడుతుంది, రేవు చేరిన తెల్లవారుజామున లంగరు గొలుసు మోత, ఓడ ముక్కుని పక్కకి నెట్టే బౌ థ్రస్టర్ యంత్రం అదురు నిద్ర లేపుతాయి. వెనక చివర ఇంజను అదురు ఉంటుంది. అయినా లాకు తలుపులు వెనక మూసుకోవడం, అవతల మెట్టులో మరో ఓడ పైకి లేవడం కాలు కదపకుండా చూడాలంటే వెనక బాల్కనీని మించింది లేదు.

డెక్ ప్లాన్‌లో, అంటే ఓడ అంతస్తుల పటంలో, మీ కేబిన్ ఒక్కటే కాదు, సరిగ్గా పైనా కిందా ఏముందో చూడండి. పైన ఈతకొలను గానీ బఫే గానీ ఉంటే తెల్లవారకుండానే కుర్చీలు ఈడ్చే చప్పుడు. కింద థియేటర్ ఉంటే రాత్రి పాటలు. పేరు రాయకుండా ఖాళీగా వదిలిన చోట్లు చాలావరకు సిబ్బంది సామాను గదులు, బళ్లు తోసే చప్పుడు వస్తుంది. పక్క కేబిన్‌తో కలిపే తలుపున్న గదిలో అవతలివాళ్ల మాటలన్నీ వినిపిస్తాయి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకి లిఫ్టుకి మూడు నాలుగు గదుల అవతల సరిగ్గా ఉంటుంది, లిఫ్టు ఎదురుగా వద్దు.

బాల్కనీ తీసుకుంటే పైన మరో బాల్కనీ నీడ ఉన్నదే తీసుకోండి. అక్టోబరు, నవంబరుల్లో అక్కడ వానలు జోరుగా ఉంటాయి. ఏసీ గదిలోంచి తెచ్చిన కెమెరా అద్దం ఆ ఉక్కపోతకి క్షణంలో మసకబారుతుంది, దాన్ని అరగంట ముందే బయట పెట్టాలి. బాల్కనీకి డబ్బు చాలకపోతే దిగులుపడకండి. కిటికీ లేని లోపలి కేబిన్ తీసుకుని, కాలువ రోజంతా పై డెక్కుల మీద గడపవచ్చు. చాలా ఓడలు ఆరోజు ముందు డెక్ తెరుస్తాయి. పొద్దున్నే చోటు పట్టుకోవాలి, టోపీ, నీళ్లసీసా దగ్గరుండాలి. ఇంట్లోవాళ్లు కాలువ అధికారులు ఇంటర్నెట్‌లో పెట్టే వెబ్‌క్యామ్‌లో ఓడని చూడవచ్చు. అక్కడ ఉదయం 7 గంటలంటే మనకి సాయంత్రం 5:30.

చౌకగా దొరికే గ్యారంటీ కేబిన్ తీసుకుంటే పక్క, అంతస్తు, చోటు అన్నీ కంపెనీ ఇష్టమే, తర్వాత మార్చమన్నా సాధారణంగా మార్చరు. చోటు ముఖ్యమనుకుంటే కేబిన్ నంబరు మీరే ఎంచుకునే టికెట్ కొనండి. సరి, బేసి నంబర్లు ఏ పక్కకి వస్తాయన్నది కంపెనీని బట్టి మారుతుంది. ప్లాన్‌లో ఓడ ముందు భాగం ఎటుందో గుర్తుపట్టి, ఎడమో కుడో అప్పుడు లెక్కపెట్టుకోండి.