ఎండ, వెండి, పత్తికట్టె

స్వరూప: ఆఁ, రికార్డ్ అయితున్నది. అందరికీ నమస్తే. ఇయ్యాళ ముచ్చట, ఆకు పసరుతోటి చేసే నానో పదార్థాలు, వాటితోటి ఎండ వేడిని పట్టుడు. నాతోటి తమ్ముడు సమ్మయ్య ఉన్నడు.

సమ్మయ్య: నమస్తే అక్కా.

స్వరూప: వేపాకు కషాయంల సిల్వర్ నైట్రేట్ అనే వెండి ఉప్పు కలిపితే, ఆకుల ఉండే పాలీఫినాల్స్ అనే రసాయనాలు దాన్ని వెండి కణాలు చేస్తయ్. 100 నానోమీటర్ల లోపటివి. నానోమీటర్ అంటే మిల్లీమీటర్‌ల పది లక్షలో వంతు. లేత పసుపు నీళ్లు గోధుమ రంగుకు తిరుగుతయ్. ఆ పసరే కణాల మీద పొరలెక్క పట్టుకోని, ఒకదానికొకటి అంటుకోకుండ ఆపుతది. మామూలు సోలార్ హీటర్ల నల్ల రేకు కాగి నీళ్లకు వేడి ఇస్తది. ఈ కణాలు కలిపితే ఎండను నీళ్లే పట్టుకుంటయ్.

సమ్మయ్య: అండ్ల చెట్టు ఏమిచ్చింది? వెండి ఉప్పు దుకాణంల కొన్నదే. ఆకు చేసింది కూలి పని.

స్వరూప: మొదలువెట్టిండు.

సమ్మయ్య: పైగా చిన్న వెండి కణాలు 400 నానోమీటర్ల చుట్టుపక్కల వెలుతురునే గట్టిగ పడ్తయ్. ఎండల దగ్గర దగ్గర సగం ఇన్‌ఫ్రారెడ్, కంటికి కనిపించని వెలుతురు. అది వదిలేస్తే ఎట్ల? బొగ్గు అన్నిటినీ మింగుతది. పత్తికట్టె...

స్వరూప: వచ్చింది పత్తికట్టె!

సమ్మయ్య: రాదా మరి! ఏరుడు అయిపోంగనే చేన్లనే అంటువెడ్తున్నరు. గాలి తగలకుండ కాల్చి మెత్తగ నూరు. చెట్టు పదార్థం అంటే అది.

స్వరూప: నూరంగనే నానో కాదు తమ్మీ. నీళ్లల్ల ఊకె బొగ్గు నిలవదు, అడుక్కు దిగుతది.

సమ్మయ్య: నీళ్లెందుకు? రేకుకు పూయి. దాని కింద గాలి పోనియ్యి. ఆ వేడి గాలి మిర్చికి పెట్టు.

స్వరూప: మిర్చికా? మా నాయన నర్సంపేట కాడ జిందగీ అంత కల్లంలనే ఎండవోసిండు. ఎండకు పైసల్ అడుగుతరా ఎవరన్న?

సమ్మయ్య: పండుమిర్చిల ముప్పావు వంతు నీళ్లే అక్కా. పదో వంతుకు దింపాలె. ఒక్కోసారి రెండు వారాలు పడ్తది. నడుమ వాన కొడితే?

స్వరూప: పట్టాలు కప్పుతం.

సమ్మయ్య: కప్పితే చెమ్మ లోపటనే. బూజు. తెల్లబడ్డదంత తాలు.

స్వరూప: తాలు సంగతి నాకు చెప్పకు. తాలు ఏరుకుంట నాయన రాత్రిదాక కల్లంలనే కూసునేటోడు. అన్నం కూడ ఆడికే.

సమ్మయ్య: ...సరే అక్కా.

స్వరూప: ఏం లేదు, చెప్పు. చపాటా మిర్చి అంటుంటివి.

సమ్మయ్య: అనలే, ఇప్పుడంట. మన వరంగల్ రకం. 2025ల జీఐ వచ్చింది గద, ఈ నేల సరుకని సర్కారు ఇచ్చే గుర్తింపు. కారం తక్కువ, అమ్ముడువోయేదే ఎరుపుకు. నేరుగ ఎండ తగిలితే ఆ రంగు గుంజుకపోతది. నీడకు వేడిగాలితోటి ఆరవెడితే నిలుస్తది.

స్వరూప: ఫ్యాన్‌కు కరెంటు? రాత్రిపూట? క్వింటాళ్లకు క్వింటాళ్లు ఏ డబ్బాల పడ్తది?

సమ్మయ్య: చపాటా వరకే అంటున్న. తేజ రకం మిర్చికి కల్లమే.

స్వరూప: అది ముందుగాల చెప్తే అయిపోవు! ఇంతసేపు కొట్లాడిచ్చినవ్. నానో సంగతి ఆడనే ఉన్నది.

సమ్మయ్య: ఇంకోటున్నది. కట్టెను పైపైన కాల్చి నీళ్ల మీద తేలేస్తరు. నల్ల పొర ఎండను పడ్తది, కట్టెల సన్న గొట్టాలు నీళ్లను పైకి గుంజుతయ్. పైన ఆవిరి, అడుగున నీళ్లు అంత కాగవు. ఉప్పునీళ్ల నుంచి మంచినీళ్లు పట్టొచ్చు.

స్వరూప: ఉప్పు పైన పేరుకోదా?

సమ్మయ్య: పేరుకుంటది. కడగాలె.

స్వరూప: ఎవరు కడగాలె?

సమ్మయ్య: ఆగక్కా, పాప లేచినట్టున్నది. ఒక్క నిమిషం.

స్వరూప: పో పో. నేను బంద్ చేస్తున్న.