హిందీ పోలీసు సినిమాల్లో పైనుంచి వచ్చే ఫోన్

నమస్కారం. హిందీ పోలీసు సినిమాల ప్రస్తావన వచ్చినప్పుడల్లా వినిపించే ఒక మాట నన్ను చాలాకాలంగా ఇబ్బంది పెడుతోంది. 1983లో గోవింద్ నిహలానీ తీసిన ‘అర్ధ్ సత్య’ సమాంతర సినిమా, అంటే వ్యాపార సూత్రాలకు దూరంగా వాస్తవాన్ని చూపే సినిమా అనీ, గూండాలను గాలిలోకి ఎగరగొట్టే ఇన్‌స్పెక్టర్ల సినిమాలతో దానికి సంబంధమే లేదనీ అంటారు. నేను దీన్ని ఒప్పుకోను. ఆ ఇన్‌స్పెక్టర్ల కోపం ఎక్కడ పుడుతుందో ఈ సినిమా చూపించినంత స్పష్టంగా నేను మరెక్కడా చూడలేదు. అందుకు ఒక్క ఫోన్ సన్నివేశం చాలు.

సబ్ ఇన్‌స్పెక్టర్ అనంత్ వెలణ్‌కర్, అంటే ఓం పురి, రామా శెట్టి అనే బొంబాయి ముఠా నాయకుణ్ణి అరెస్టు చేయడానికి నేరుగా అతడి స్థావరానికే వెళ్తాడు. కావలసిన సాక్ష్యం చేతిలో ఉంది. సదాశివ్ అమ్రాపుర్కర్ పోషించిన ఆ రామా శెట్టి బెదరడు, గొంతు పెంచడు, ఆయుధం తీయడు. ఫోన్ అందుకుని ఒక పెద్ద అధికారితో మాట్లాడతాడు. అరెస్టు మానుకుని వచ్చేయమని ఆ అధికారి వెలణ్‌కర్‌ను ఆదేశిస్తాడు. సాక్ష్యం ఉందని వెలణ్‌కర్ చెప్పబోయినా వినిపించుకోడు. ఒక్క దెబ్బ కూడా పడకుండానే ఒంటి మీది యూనిఫాం విలువ పోయింది. నా దృష్టిలో హిందీ సినిమాలోని అత్యంత హింసాత్మకమైన పోలీసు సన్నివేశాల్లో ఇది ఒకటి.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. ఫోన్ పెట్టేశాక ఆ కోపం ఎటు పోతుంది? పైనున్నవారి మీదికి పోయే దారి లేదు. తనను బలవంతంగా ఈ ఉద్యోగంలోకి తోసిన తండ్రి కూడా పోలీసే, ఇంట్లో చెయ్యి చేసుకున్న మనిషే. తాను కష్టపడి పట్టుకున్న బందిపోటు విషయంలో పేరు వేరే అధికారికి దక్కుతుంది. తాగుడు పెరుగుతుంది. చివరికి, చిన్న రేడియో దొంగిలించాడన్న ఆరోపణతో లాకప్‌లో ఉన్న ఒక నిరుపేదను వెలణ్‌కర్ ప్రాణం పోయేదాకా కొడతాడు. రామా శెట్టి మీద పడవలసిన దెబ్బలు, అతడి పేరైనా విని ఉండని ఒక మనిషి మీద పడ్డాయి. విజయ్ తెండూల్కర్ స్క్రీన్‌ప్లేలోని గొప్పదనమంతా ఈ మలుపులోనే ఉందని నేను నమ్ముతాను, ఎందుకంటే మనం అప్పటిదాకా ఎవరి పక్షాన ఉన్నామో అతడే ఇక్కడ హంతకుడయ్యాడు. ఈ పాత్రకు ఓం పురికి జాతీయ ఉత్తమ నటుడి పురస్కారం రావడం ఎంతో న్యాయం.

ఆ లాకప్ మరణంతో సస్పెండైన వెలణ్‌కర్‌ను ఇప్పుడు కాపాడగలిగింది రామా శెట్టి పలుకుబడి ఒక్కటే. సాయం అడగడానికి వెళ్లి, అవమానం భరించలేక అతడి గొంతు నులిమి చంపి, తిన్నగా స్టేషన్‌కు వెళ్లి లొంగిపోతాడు.

ఈ ఫోన్‌ను పట్టుకుని పదేళ్లు వెనక్కి వెళ్లండి. సలీం-జావేద్ రాయగా ప్రకాశ్ మెహ్రా తీసిన 1973 నాటి ‘జంజీర్’లో ఇన్‌స్పెక్టర్ విజయ్‌కి ఒక అజ్ఞాత వ్యక్తి ఫోన్ చేసి, నేరం ఎక్కడ జరగబోతోందో చెప్పి పెట్టేస్తాడు. అక్కడ ఫోన్ పోలీసుకు తోడు. విజయ్‌ని దెబ్బతీయడానికి అబద్ధపు లంచం కేసు పెట్టి జైలుకు పంపవలసి వచ్చింది. పదేళ్లు తిరిగేసరికి అంత శ్రమ అక్కరలేకుండా పోయింది, ఒక్క ఫోన్ సరిపోయింది.

సమయం తక్కువగా ఉంది కాబట్టి మిగతావి వేగంగా చెబుతాను. షిమిత్ అమిన్ తీసిన 2004 నాటి ‘అబ్ తక్ ఛప్పన్’లో విదేశంలో ఉన్న డాన్, నానా పాటేకర్ పోషించిన సాధు అగాశేతో ఫోన్‌లో పాత పరిచయస్తుడిలా మాట్లాడతాడు. అసలు ప్రమాదం మాత్రం కమిషనర్ కుర్చీలోంచి వస్తుంది. 2011లో రోహిత్ శెట్టి తీసిన ‘సింఘం’ గోవాలో జరుగుతుంది. ఒక నిజాయితీపరుడైన ఇన్‌స్పెక్టర్ ఆత్మహత్యతో మొదలై, చివరికి పోలీసు శాఖే కథానాయకుడి వెంట కదులుతుంది కాబట్టి ప్రతినాయకుడి పలుకుబడి ఇక పనిచేయదు. ప్రేక్షకుడికి ఇది గొప్ప ఊరట, ఆ ఊరటను నేను చిన్నచూపు చూడను. అయితే వెలణ్‌కర్ కోపాన్ని తీసుకున్న ఈ ఇన్‌స్పెక్టర్ల సినిమాల ధోరణి, లాకప్‌లో చనిపోయిన ఆ రేడియో దొంగను మాత్రం తీసుకోలేదు. ‘సింఘం’లో పోలీసులే కలిసి ప్రతినాయకుణ్ణి చంపేస్తారు, ఎవరూ లొంగిపోరు.