హెల్మెట్ ఉంటే తలకేం కాదా? పెరుగు డబ్బాతో చూద్దాం

[టేబుల్ మీద మూత బిగించిన స్టీల్ డబ్బా]

డాలస్‌లో ఉండే మా బావ ఆదివారం వస్తే ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్, చేత్తో బంతి పట్టుకుని ఒకళ్ల మీద ఒకళ్లు పడే ఆట) మ్యాచ్ పెట్టుకుని నాకు వీడియో కాల్ చేస్తాడు. ఎవరో ఒకడు పడి లేవడు. నాకేమో టెన్షన్. ఆయనేమో, "అంత హెల్మెట్ ఉందిగా, వాడికేం కాదులే" అంటాడు. ఆ మాట విని విని విసుగొచ్చి ఈ వీడియో చేస్తున్నా.

ఈ డబ్బాలో రాత్రి తోడేసిన గడ్డపెరుగు ఉంది. డబ్బా పుర్రె, పెరుగు మెదడు.

[డబ్బాని గట్టిగా ఊపి, మూత తీసి]

డబ్బాకి చిన్న సొట్ట కూడా లేదు. లోపల చూడండి, గడ్డంతా విరిగి నీళ్లు తేలాయి. ఫుట్‌బాల్ హెల్మెట్ వాళ్లు చాలాకాలం డబ్బా సంగతే చూశారు.

మొదట్లో హెల్మెట్టే లేదు. తలకి అడ్డుగా ఉంటుందని జుట్టు పెంచుకునేవాళ్లు, నిజంగానే! 1893లో అమెరికా నేవీ అకాడమీ జట్టు ఆటగాడు జోసెఫ్ రీవ్స్‌కి డాక్టర్ గట్టిగా చెప్పాడు: తలకి ఇంకో దెబ్బ తగిలితే మతి పోతుంది, ప్రాణమే పోవచ్చు అని. మానేస్తాడా? అన్నాపొలిస్‌లో బూట్లు కుట్టే అతని చేత ఒక మందపాటి టోపీ కుట్టించుకుని, ఆర్మీతో మ్యాచ్‌కి దిగాడు. ఆయనే తర్వాత అడ్మిరల్ అయ్యాడు.

ఆ తర్వాత తోలు హెల్మెట్లు. అంటే పెరుగు డబ్బాని గుడ్డసంచిలో పెట్టడం లాంటిది. 1939లో రిడెల్ కంపెనీ ప్లాస్టిక్ హెల్మెట్ తెచ్చింది. లోపల పట్టీలు అల్లి, తలకీ పెంకుకీ మధ్య ఖాళీ ఉంచారు. నాకు బాగా నచ్చిన ఆలోచన ఇది. కానీ అప్పటి ప్లాస్టిక్ పెళుసు, దెబ్బకి పగిలిపోయేది. ఎన్‌ఎఫ్‌ఎల్ హెల్మెట్ తప్పనిసరి చేసింది 1943లో. 1940 ఫైనల్లో డిక్ ప్లాస్మన్ ఉత్త తలతోనే ఆడాడు.

1953లో క్లీవ్‌లాండ్ జట్టు క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆట నడిపించేవాడు) ఆటో గ్రాహం మొహానికి మోచేయి తగిలి 15 కుట్లు పడ్డాయి. కోచ్ పాల్ బ్రౌన్ హెల్మెట్‌కి ఒక ప్లాస్టిక్ కడ్డీ బిగించి మళ్లీ గ్రౌండ్‌లోకి పంపాడు. ఫేస్‌మాస్క్ అలా ఊపందుకుంది.

అసలు తమాషా ఇక్కడే. మొహం భద్రంగా ఉంది, తల గట్టిగా ఉంది. ఇంకేం, తల వంచుకుని పొట్టేలులా ఎదుటివాడి మీదికి దూకడం మొదలైంది. డబ్బా గట్టిదని దాంతోనే గోడని కొట్టినట్టు! 1968లో ఒక్క ఏడాదే 36 మంది ఆటగాళ్లు పోయారు. దాంతో 1969లో పరీక్షా ప్రమాణాలు తేవడానికి ఒక సంస్థ పెట్టారు, 1973లో హెల్మెట్ ప్రమాణం వచ్చింది. 1976లో కాలేజీ, హైస్కూల్ ఆటల్లో తలతో గుద్దడాన్ని నిషేధించారు. చావులు బాగా తగ్గాయి. నన్నడిగితే ఆ పేరు మొత్తం హెల్మెట్‌కి ఇవ్వను, సగం రూల్‌కి ఇస్తా.

పుర్రె పగలడం తగ్గింది. మరి పెరుగు? తల ఠక్కున ఆగినా, గిర్రున తిరిగినా లోపల మెదడు కదిలిపోతుంది. బయట పెంకు ఎంత గట్టిదైనా దాన్ని పూర్తిగా ఆపలేదు. పిట్స్‌బర్గ్ జట్టులో సెంటర్ అనే స్థానంలో ఆడిన మైక్ వెబ్‌స్టర్ 2002లో 50 ఏళ్లకే చనిపోయాడు. ఆయన మెదడుని పరీక్షించిన డాక్టర్ బెన్నెట్ ఒమాలుకి అందులో సీటీఈ కనపడింది. ఏళ్ల తరబడి తగిలిన దెబ్బలతో వచ్చే జబ్బు అది.

టైం అయిపోతోంది, షోల్డర్ ప్యాడ్లు ఇంకో వీడియోలో. ఇప్పుడు హెల్మెట్ పైన తొడిగే గార్డియన్ క్యాప్ వచ్చింది. డబ్బా చుట్టూ తువ్వాలు చుట్టడమే. దెబ్బ తీవ్రత కొంత తగ్గుతుంది, అంతే. 2022లో ప్రాక్టీస్‌లో కొందరికి తప్పనిసరి చేశారు. 2024 నుంచి ఇష్టమైతే మ్యాచ్‌లోనూ పెట్టుకోవచ్చు. పెట్టుకున్నవాళ్లు తక్కువే. మా బావని అడిగితే, "పుట్టగొడుగులా ఉంది, ఎవడు పెట్టుకుంటాడు?" అన్నాడు.